ఇరవై ఏడో అడుగు

రెండుంబావు అయింది. భోంచేసి బయలుదేరుతానన్నాడు లోను ఇంజనీరు, మూడు లోపు వచ్చేస్తానండి మేడమ్ అని పొద్దున ఫోన్లో మర్యాదగానే చెప్పాడు. మూడింటికి ఊరవతల ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్. దానికి ముందే వస్తే మంచిదా, తర్వాత వస్తే మంచిదా, అసలు రాకపోతే మంచిదా, బడికి సగం రోజు సెలవు పెట్టి వచ్చి గంట నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. కూర్చున్నది మా ఇంటి మీద. ఇల్లంటే ఇంకా గోడలు లేవు, మోకాలెత్తు బేస్‌మెంటు, చుట్టూ సిమెంటు బెల్టు, లోపల దిమ్మిస కొట్టిన మొరం, మొరం మీద కాంక్రీటు. ఎండకు పగలకుండా తడి గోనెసంచులు పరిచాం. ఎండకు పగలకుండా. చూసిన వాళ్లెవరైనా అలాగే అనుకోవాలి, ఇంజనీరు కూడా. వడ్ల సంచులు, తడిసి పులిసిన వాసన వేస్తున్నాయి, ఆ వాసనకు నాకు చిన్నప్పుడు బాపు డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో విప్పి పడేసే బట్టలు గుర్తొస్తాయి, చెమట, బొగ్గు, బాయిలో నీళ్లు. బాయి అంటే మాకు తోడుకునే బావి కాదు, బొగ్గుబాయి. ముప్పై నాలుగేళ్లు బాపు దిగింది దాంట్లోకే. ఇప్పుడు ఎదురుగా తుమ్మచెట్టు నీడలో, ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు, మోకాళ్ల మీద అడ్డంగా పొన్నుకర్ర పెట్టుకుని. నా వైపు చూడడు. నేనూ చూడను. నేను వచ్చినప్పటి నుంచి మేమిద్దరం ఎవరి సంచి మీద వాళ్లం కూర్చున్నట్టు కూర్చున్నాం.

అవ్వ, అంటే మా అమ్మ, బోరింగు నుంచి బకెట్లతో నీళ్లు మోస్తోంది. ఆమెకేం తెలియదు. వెనక వైపు పోసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "ఎన్ని పోసినా తాగుతనే ఉన్నదే, ఏం దూపనో దీనికి" అంటోంది, మురిపెంగా, చంటిపిల్ల పాలు తాగుతుంటే అన్నట్టు. ముందు వైపు పోసిన నీళ్లు అలాగే నిలబడి ఉన్నాయి, మబ్బు కూడా కనబడుతోంది వాటిలో. ఇల్లు ఆమె పేరు మీదే. సారక్క, భర్త రాయమల్లు. ఈ లోను అలాంటిది, పల్లెలో సొంత జాగా ఉండాలి, ఇంటి ఆడమనిషి పేరు మీద ఉండాలి, బ్యాంకు ఇస్తుంది, కట్టలేకపోతే సర్కారు జమానతు పడుతుంది. మా జన్మలో మాకు జమానతు పడ్డవాళ్లు లేరు. గోదావరిఖనిలో జాగా అయితే కుదరదు, అది పట్టణం హద్దు, పంచాయతీలోనే ఉండాలి అన్నారు, అందుకే ఈ కొండ్రుపల్లెకు వచ్చాం. బ్యాంకులో అవ్వ వేలిముద్ర వేయబోతే నేనే వద్దన్నాను. ఇల్లు నీది, సంతకం నువ్వే పెట్టాలి అన్నాను, చదువుకున్న పిల్లను కదా, పెద్ద మాట అనడం నాకు అలవాటు. నెల రోజులు నేర్పాను. పలక మీద, తర్వాత నోటుబుక్కులో, తర్వాత రొట్టెల పిండి చల్లిన పీట మీద. 'క్క' దగ్గర ఆగిపోయేది, కింద ఒత్తు తోక ఎటు తిప్పాలో తెలియక. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి క్వార్టరు వెనక గోడ నిండా బొగ్గుతో సారక్క, సారక్క, సారక్క. బాపు తల పట్టుకున్నాడు, "కంపెనీ గోడ ఖరాబు చేస్తివి గదనే" అని. "నా ఇంటి గోడైతే చెయ్య తియ్యి" అన్నది.

చదువుకున్న పిల్లను. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటిదాన్ని, ఇటు మా అవ్వ తరఫున, అటు బాపు తరఫున, ఏడు తరాలు వెతికినా నేనే. బీఎస్సీ మ్యాథ్స్, ఆ తర్వాత బీఈడీ, ఇప్పుడు ప్రైవేటు బడిలో పదో తరగతికి లెక్కలు. ఏ కాగితం వచ్చినా నా చేతికే ఇస్తారు. ఈ లోను కాగితాలూ నేనే నింపాను, ఒక్క కొట్టివేత లేకుండా. అందులో ఒక పేజీలో ఉంది, నేనెరిగినంత వరకు ఈ స్థలం నిర్మాణానికి యోగ్యమైనది, నేల కుంగే ప్రమాదం లేదు. పక్కన గడి. టిక్కు పెట్టాలి. నేను పెన్ను ఎత్తి బాపు వైపు చూశాను. ఈ ఊరి కింద పాత ఇంక్లైన్ బాయి ఉందని అందరికీ తెలుసు, అందుకే ఇక్కడ జాగాలు అగ్గువ. మూసేసి ఇరవై ఏళ్లు దాటింది, బాపు మొదట పనిచేసింది దాంట్లోనే. బాపు నవ్వాడు. "పెట్టు బిడ్డ. కింద సారలమ్మ ఉన్నది" అన్నాడు.

సారలమ్మ పిల్లరు. చిన్నప్పటి నుంచి వింటున్న కథే. బాయిలో బొగ్గు తవ్వేటప్పుడు మధ్య మధ్య పెద్ద స్తంభాల్లాగ బొగ్గునే వదిలిపెట్టుకుంటూ పోతారు, పైనున్న భూమిని అవే మోస్తాయి. అంతా అయిపోయాక వెనక్కి వస్తూ వస్తూ ఆ పిల్లర్లను కూడా తీసేస్తారు, తీసిన చోటల్లా పైబండ కూలుతుంది, కూలనిస్తారు. ఒక్క పిల్లరు దగ్గర మాత్రం మొదటి దెబ్బకే నీళ్లు ఉబికాయట, ఎర్రటి నీళ్లు. ఆరోజు మేడారం జాతర మొదటి రోజట. గ్యాంగు గ్యాంగంతా తట్టా, బొగ్గెత్తే చెమ్మసూ పడేసి దండం పెట్టారట, అది సారలమ్మ తల్లి అడిగిన పిల్లరు, ముట్టొద్దు అని. నీళ్ల భయానికి షిఫ్టు చూసే ఓవర్‌మన్ కూడా వదిలెయ్యండి అన్నాడు. అలా మిగిలిపోయింది, తొంభై అడుగుల వెడల్పు బొగ్గు, చుట్టూ అంతా కూలి, మధ్యలో అదొక్కటి. బాపు రిటైరయ్యే ఏడాదే అడిగాడు నన్ను, "బిడ్డ, అది భూమి మీద ఎక్కడికొస్తదో లెక్క తియ్యొస్తదా? దాని మీద ఇల్లు కట్టుకుంటే ఏ భూకంపమొచ్చినా కదలది." ఎవరికి వస్తుంది ఇలాంటి ఆలోచన? ఎవరైనా రోడ్డు చూసి కొంటారు, నీళ్లు చూసి కొంటారు, వాస్తు చూసి కొంటారు. మా బాపు కింద చూసి కొన్నాడు.

ఆ ఆదివారం. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు మళ్లీ రాలేదు, డిగ్రీ పట్టా తీసుకున్న రోజు కూడా కాదు. మూసేసిన ఇంక్లైన్ మూతి దగ్గర గోడ ఉంది, ఎదురుగా బొగ్గు టబ్బులు లాగే ఇంజను దిమ్మె ఉంది, ఆ రెంటినీ కలిపి గీత గీస్తే బాయి దిగే దారి ఎటు పోతుందో తెలుస్తుంది. నేను ఫోన్లో దిక్కు చూశాను. బాపు కళ్లు మూసుకుని చెప్పాడు, మూతి నుంచి పిల్లరు నడిమికి ఆరు వందల యాభై స్లీపర్లు, పట్టాల కింది చెక్కలు, రోజూ దిగుతూ లెక్కబెట్టుకునేవాడట, చీకట్లో అదొక్కటే తోడు. చెక్కకు చెక్కకు రెండడుగులు. పదమూడు వందల అడుగులు. టేపు ఒక కొస నేను, ఒక కొస బాపు, పత్తి చేలో పడి, తుప్పల్లో పడి, ఎవరిదో పెంటకుప్ప దాటి. బుచ్చన్న కాక చూసి సైకిలు దిగాడు. బాపుతో పాటు బాయిలో పనిచేసినవాడు, నోరు ఊరుకోదు. "ఏందిర రాయమల్లూ, రిటైరైనా ఫస్టు షిఫ్టుకు దిగుతున్నవా? పైకెల్లే దిగుతున్నవా ఇగ?" అన్నాడు. బాపు అడుగుల లెక్క తప్పుతుందని చెయ్యి మాత్రం ఊపాడు. టేపు సరిగ్గా ఈ జాగాలో ఆగింది. ఖాళీగా ఉంది, అమ్మకానికే ఉంది. అది చాలు బాపుకి, తల్లి పిలిచింది అన్నాడు. నా వైపు తిరిగి, "లెక్క మంచిగ చూసినవా బిడ్డ?" అన్నాడు. "చూసిన బాపు. కరెక్టుంది" అన్నాను. కరెక్టుంది అన్నాను. రిటైరైనప్పుడు వచ్చిందంతా ఈ మాట మీద పెట్టాడు ఆయన.

తొమ్మిది రోజుల కింద, పదో తరగతిలో, లంబకోణ త్రిభుజం. బోర్డు మీద గోడకు ఆన్చిన నిచ్చెన బొమ్మ వేశాను. కర్ణం ఎప్పుడూ భూమి కన్నా పొడవే అని చెప్పాను, చెబుతూ చాక్‌పీసు ఆపాను. పిల్లలు నా వీపునే చూస్తున్నారు. కర్ణం భూమి కన్నా పొడవు. బాయి ఏటవాలుగా దిగుతుంది, నాలుగడుగులు నడిస్తే ఒకడుగు లోతు. బాపు లెక్కబెట్టిన చెక్కలు ఆ ఏటవాలు మీద ఉన్నాయి. నేను ఆ అడుగుల్నే తెచ్చి చదునుగా ఉన్న చేలో పరిచాను. పదమూడు వందల అడుగుల కర్ణాన్ని భూమి అనుకున్నాను. ఏడో తరగతి పిల్ల కూడా చెయ్యని తప్పు. బోర్డు మూలన చిన్నగా వేశాను లెక్క, నలభై ఒక్క అడుగులు తేడా. ఆ తల్లి పిల్లరు మేమనుకున్న దానికన్నా నలభై ఒక్క అడుగులు ఇవతల, బాయి మూతి వైపు ఉంది. బెల్లు కొట్టారు. పిల్లలు లేచి, థ్యాంక్యూ మేడమ్ అన్నారు.

అయినా ఆశ ఉండింది. పిల్లరు తొంభై అడుగులు కదా, కొంతైనా మా కిందికి రాదా అని. రాత్రంతా వేసి చూశాను. వచ్చింది. ఇంటి ముందు సగం కిందికే వచ్చింది, అదే పాపం. అసలు లేకపోయినా నయం, ఇల్లు మొత్తం ఒకటే తీరుగా కుంగేది, బొగ్గు లేనిచోట కట్టిన ఇళ్లు ఈ ఊళ్లో ఎన్ని లేవు, అలాగే జానెడు కుంగి బతుకుతున్నాయి. అంచు మీద ఉండటమే అన్నిటికన్నా చెడ్డది, ఒక సగాన్ని పట్టుకుని ఉంటుంది, ఒక సగాన్ని వదిలేస్తుంది. పిల్లరు అంచు ఇంటి ముందు వైపు నుంచి ఇరవై ఆరో అడుగు దగ్గర వస్తుందని నా లెక్క. మర్నాడు పొద్దున్నే సైకిలు మోటారు తీసుకుని వచ్చాను. కాంక్రీటు వేసి పన్నెండు రోజులు. సంచులు ఎత్తాను. వెంట్రుక కన్నా కొంచెం లావు, ఈ బెల్టు నుంచి ఆ బెల్టుకు, అడ్డంగా, ఎవరో కొలబద్ద పెట్టి గీసినట్టు. టేపు వేశాను. ఇరవై ఏడో అడుగు. నా బతుకులో ఇంత దగ్గరగా వచ్చిన లెక్క ఇదొక్కటే. సంచులు మళ్లీ కప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. బడికి వెళ్లి ప్రార్థనలో నిలబడ్డాను.

చెప్పాలి. చెప్పడమే మా ఇంటి పద్ధతి. బాపు దగ్గర నేర్చుకున్నది అదొక్కటే. బాయిలో పొన్నుకర్రతో పైబండను కొట్టి చూస్తారు, ఖంగుమంటే మంచిది, డొల్లగా వినబడితే ఊడిపోయేందుకు తయారుగా ఉన్నట్టు. కొట్టిన మనిషి డొల్ల సప్పుడు విన్నాడంటే అక్కడ సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాలి, పెట్టి కేక వెయ్యాలి, వినీ ఊరుకున్నోడు మనిషే కాదు అనేవాడు బాపు. బుచ్చన్న కాక ఒకసారి అలాంటి బండ కింద కూర్చుని టిఫిను విప్పుకున్నాడు. బాపు దూరం నుంచి కర్ర ఆన్చి, సుద్ద తీసేంత సేపు కూడా లేక, బుచ్చన్న కాలు పట్టి ఈడ్చాడు. కూర్చున్న చోటే పడింది బండ. ఇప్పటికీ ఇంటికొచ్చినప్పుడల్లా బుచ్చన్న కాక అవ్వను అడుగుతాడు, "సారక్కా, నా సర్వపిండి ఇంకా ఆ బండ కిందనే ఉన్నది. నీ మొగడు కాళ్లు గుంజిండు గని టిఫిను గుంజలే. నాకు సర్వపిండి బాకీ." అవ్వ చేసి పెడుతుంది, ప్రతిసారీ. తింటూ తింటూ నోట్లో ముద్ద ఆగిపోతుంది ఆయనకి ఒక్కోసారి.

ఈ పొద్దున ఇంకా తెల్లారలేదు. నాకు మెలకువ వచ్చి చూస్తే బాపు మంచం ఖాళీ. నాకు తెలుసు ఎక్కడికి పోయాడో, ఎలా తెలుసో తెలియదు. బండి ఊరి బయటే ఆపి నడిచి వచ్చాను. ఈ తుమ్మచెట్టు వెనక నుంచి చూశాను, కన్నకూతురు దొంగలాగ. సంచులన్నీ పక్కకి లాగి ఉన్నాయి. నా కన్నా ముందే ఎప్పుడో చూసి ఉంటాడు. గోళెంలో సిమెంటు పాలు కలుపుకుని, మోకాళ్ల మీద కూర్చుని, పగులు పొడుగునా వేలితో నింపుతున్నాడు. తాపీ లేదు, వేలితోనే. ఇంట్లో గోడ మీద దేవుడికి బొట్టు పెట్టేటప్పుడు కూడా అంత మెల్లగా పెట్టడు. నింపి, తుడిచి, సంచులు కప్పి, లేచి పొన్నుకర్ర తీసుకున్నాడు. ముందు వైపు కొట్టాడు. ఖంగుమంది. నాలుగడుగులు వేసి మళ్లీ కొట్టాడు. ఖంగుమంది. వెనక్కి పోయాడు. అక్కడ కొట్టాడు. నాకిక్కడికే వినబడింది. నేను లెక్కల దాన్ని, సప్పుళ్ల దాన్ని కాదు, అయినా వినబడింది. మళ్లీ కొట్టాడు. ఇంకోసారి. తర్వాత కర్ర భూమికి ఆన్చి, చెవి కర్రకి ఆన్చి, చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. నేను ఎండుటాకు తొక్కాను. తలెత్తి చూశాడు. "ఏంది బిడ్డ, గింత పొద్దుగాల?" "ఊకెనే బాపు. నీళ్లు పోద్దామని వచ్చిన." "పోద్దువు తియ్యి." మళ్లీ తనే అన్నాడు, "సప్పుడు మంచిగనే ఉన్నది." ముప్పై నాలుగేళ్లలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. "మంచిగనే ఉంటది బాపు" అన్నాను నేను. అది నాది.

నేను లెక్క తప్పానని ఆయనకు చెప్పలేదు. ఆయన సప్పుడు విన్నానని నాకు చెప్పలేదు. ఇంతే, ఇంత చిన్నది, మధ్యలో నలభై ఒక్క అడుగులు. అడిగితే ఏమవుతుంది? నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యాలి, రిటైరైన వాళ్లకి ఇచ్చిన గడువు అయిపోయింది, మా తర్వాత రావలసిన కుటుంబం రెండుసార్లు వచ్చి వంటింట్లో అలమరాలు కూడా కొలుచుకుని పోయారు. పాపం వాళ్లదేం తప్పు. ఇంజనీరుకు చెప్తే లోను ఆగుతుంది, ఆగడమే కాదు, ఇచ్చింది వెనక్కి కట్టమంటారు. ఈ జాగా ఎవరూ కొనరు. మళ్లీ సర్కారు లోను రాదు, ఒక ఆడమనిషి పేరు మీద ఒక్కసారే. ఒక్కసారి. అవ్వ సంతకం ఆ ఒక్కసారికే నేర్చుకుంది. చెప్పకపోతే? చెప్పకపోతే గోడలు లేస్తాయి, పైన స్లాబు పడుతుంది, దాని కింద అవ్వ పడుకుంటుంది, బాపు పడుకుంటాడు. స్లాబు అంటే పైబండే కదా. కళ్లు మూస్తే ఆ నిచ్చెన బొమ్మ గోడకి ఆన్చి ఉంది, పై మెట్టు మీద అవ్వ నిలబడి గోడ మీద పేరు రాసుకుంటోంది. రెండూ నలభై. ఇంకా రాలేదు. రాకపోతే బాగుండు. ఒక టైరు పంక్చరై, ఒక పెద్దసారు పిలిచి, ఒక వాన. ఒక వాన వచ్చి ఆ సిమెంటు పాలు కడుక్కుపోయి, ఆయన చూసేలా పగులు తనంతట తాను బయటపడితే, అప్పుడు ఎవరూ చెప్పినట్టు కాదు. మబ్బు ఉంది కానీ వాన మబ్బు కాదు.

బండి సప్పుడు. వచ్చాడు. హెల్మెట్ తీస్తే కుర్రమొహం, నా కన్నా రెండేళ్లు చిన్నవాడేమో, మెడలో వినీత్ అని గుర్తింపు కార్డు. "సారీ అండి, లేటయిపోయింది. పక్క ఊళ్లో ఒకాయన భోజనం పెట్టనిదే వదల్లేదు" అన్నాడు, కోస్తా యాస. ఇక్కడే పుట్టాడట, వాళ్ల నాన్న కంపెనీలో ఆఫీసరు, ఇంట్లో మాట మాత్రం మారలేదు. బాపు లేచి నిలబడి నమస్తే సారు అన్నాడు. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడి ముందు నిలబడి, కర్ర వెనక దాచుకుని. అవ్వ బకెట్టు దింపి కొంగు సర్దుకుంది.

"ఓనరు గారు ఎవరండి?"

"నేనే" అంది అవ్వ. అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

"మీరు బేస్‌మెంటు మీద నిలబడాలమ్మా, ఫొటోలో ఓనరు కనబడాలి. కొంచెం ఆ గోనెసంచులు తీయించండి మేడమ్, కాంక్రీటు కనబడకపోతే యాప్ తీసుకోదు."

నేను కదల్లేదు. బాపు వచ్చి సంచులు ఒక్కొక్కటే మడిచాడు, ఇస్త్రీ బట్టలు మడిచినట్టు. చివరి సంచి తీశాడు. తడి కాంక్రీటు, అంతా ఒకటే రంగు. ఎక్కడా ఏమీ లేదు. నాకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది, నిజంగానే లేదేమో, నేను తొమ్మిది రోజులు ఒక కలను కొలుస్తూ ఉన్నానేమో. వినీత్ ఫోను ఎత్తాడు. అవ్వ సరిగ్గా దాని మీదికే వచ్చి నిలబడింది, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు.

"కొంచెం నవ్వండమ్మా, సొంతిల్లు కదా."

"నవ్వొస్తలేదు సారు, ఏడుపొస్తంది" అంది అవ్వ, నవ్వుతూ.

ఫొటో తీశాడు, నాలుగు వైపుల నుంచి. తర్వాత ఫోన్లో గడులు నింపుతూ అడిగాడు, "కొలతలు ఓకే. బెల్టు ఓకే. నేల, ఇదొకటి అడగాలండి, మీరిచ్చిన డిక్లరేషన్ తర్వాత నేలలో మార్పు ఏమైనా గమనించారా? కుంగటం, పగుళ్లు?"

నా బ్యాగులో చాక్‌పీసు ముక్క ఉంది. పొద్దున బడిలో మిగిలింది. చెయ్యి బ్యాగులోకి పోయి దాన్ని పట్టుకుంది, ఎందుకు పట్టుకుందో. ఒక్క అడుగు వేసి, వంగి, ఇరవై ఏడో అడుగు దగ్గర ఒక ఇంటూ గుర్తు. అంతే. మాట కూడా అక్కర్లేదు. బాపు చూస్తే అర్థం చేసుకుంటాడు, ఒకవేళ దానికోసమే ఎదురుచూస్తున్నాడేమో, నేను పెడతానని, చదువుకున్న పిల్లను కదా. బాపు ఆకాశం వైపు చూస్తున్నాడు. అవ్వ నా వైపు చూస్తోంది.

"లేదు సారు" అన్నాను. నా గొంతే. "ఏం లేదు."

"కింద పాత బాయి ఉందన్నారు ఊళ్లో..."

"కింద సారలమ్మ ఉన్నది సారు" అన్నాడు బాపు.

వినీత్ నవ్వాడు. "అయితే ఇంకేం భయం పెద్దాయనా." వేలితో ఒకసారి నొక్కాడు. ఫోను చిన్నగా మోగింది. "అయిపోయిందండి. తర్వాతి కిస్తీ వారంలో పడిపోతుంది, గోడలు మొదలుపెట్టుకోండి. బ్లాస్టింగ్ టైమైంది, నేను రోడ్డెక్కేస్తాను, దుమ్ము." పోయాడు. చాక్‌పీసు నా చేతిలోనే పిండి అయింది. వేళ్ల సందుల్లో తెల్లగా.

"ఏమన్నడే? అయినట్టేనా?" అంది అవ్వ.

"అయిందవ్వా."

ఆమె చెప్పులు విడిచింది. తడి కాంక్రీటు మీద ఉత్తకాళ్లతో మెల్లగా నడిచింది ఈ చివరి నుంచి ఆ చివరికి, లేని గోడల మధ్య నుంచి, లేని గుమ్మం దగ్గర వంగి, తల తగులుతుందేమో అన్నట్టు. వెనక వైపు పోయి నిలబడింది. బాపు పొన్నుకర్ర తీసి, కొట్టలేదు, చూపుడు వేలిలాగ చాపాడు.

"బిడ్డ, ముందటి అర్ర నీది" అన్నాడు. "పొద్దుగాల బడికి పోయేదానివి, నీకు తొవ్వకు దగ్గరుండాలె. నేను, మీ అవ్వ ఎనక అర్రల పండుకుంటం." కర్ర ఇరవై ఏడో అడుగు దగ్గర ఆగింది. సంచులు లేవు, గుర్తు లేదు, ఏమీ కనబడటం లేదు, అయినా కర్ర కొస అక్కడే, వెంట్రుక తేడా లేకుండా అక్కడే ఆగింది. "గోడ గిక్కడొస్తది. నడిమిట్ల. నీ సామాను, నీ పుస్తకాలు అన్నీ గోడకు ఈ దిక్కే పెట్టుకో. అటు పెట్టకు." నా మొహం వైపు చూడలేదు. "రాత్రిపూట మమ్ముల లేపుతందుకు కూడా అటు రాకు. పిలువు. మేమే వస్తం."

నేను అడగాలి. బాపు, నువ్వు విన్నవు కదా అని అడగాలి. నేను చెప్పాలి, తప్పు నాది, కర్ణం భూమి అనుకున్న అని. కొలత నాది, అర్ర ఆయనదా? ఎవరు లెక్క తప్పితే వాళ్లు కదా అటు పడుకోవాలి. నోరు తెరిచాను.

"సరే బాపు" అన్నాను.

సైరన్ మోగింది, ఒకటి, రెండు, మూడు. చిన్నప్పుడు క్వార్టర్లలో పిల్లలం ఈ సైరన్‌కి చెవుల్లో వేళ్లు పెట్టుకుని నవ్వేవాళ్లం. బాపు కర్ర భూమికి ఆన్చి, చెవి దానికి దగ్గరగా వంచాడు, అలవాటు మీద, వెంటనే నిటారుగా లేచాడు, నేను చూస్తున్నానని. దూరంగా కాకులు లేచాయి. తర్వాత ఆ సప్పుడు, చెవికి వినబడేది కాదు, పళ్లకు వినబడేది.

"అయ్యో" అంది అవ్వ వెనక అర్రలో నిలబడి, రెండు చేతులూ చాపి, చిన్నపిల్లలా నవ్వుతూ. "చూసినవానే? నా ఇల్లు ఉయ్యాలూగినట్టు ఊగింది."

నేను ముందు అర్రలో ఉన్నాను. నా కాళ్ల కింద ఏమీ కదల్లేదు.